వరద ముందా, చవితి ముందా?

మా మేనత్తకు రెండు పేర్లున్నాయి. బళ్ళో వేసిన పేరు ఒకటి. అది సంతకానికి తప్ప మరి దేనికీ అక్కరకు రాలేదు. ఊరంతా పిలిచే పేరు వరదమ్మ. కంచి వరదరాజస్వామి మీద భక్తితో పెట్టిన పేరు కాదు సుమండీ, గోదావరి వరద మీద పెట్టిన పేరు.

మాది కోనసీమలో ఒక లంకగ్రామం. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదలో మా తాతగారు పోయారు. లంకలో కట్టేసిన పశువుల పలుపులు విప్పడానికి వెళ్ళిన మనిషి మరి తిరిగి రాలేదు. సరిగ్గా ఆ రాత్రే మా అత్తయ్య పుట్టిందని మా ఇంట్లో చెప్పుకొనేవారు. “ఇది భూమ్మీద పడింది, ఏరు గట్టు తెంచుకుంది” అని మా తాతమ్మ అనేదట. కొడుకును పోగొట్టుకున్న ముసలావిడ ఆ మాట ఒకసారి అన్నదో, వందసార్లు అన్నదో నాకు తెలియదు. ఊరు మాత్రం దాన్ని డెబ్బై ఏళ్ళు పట్టుకు వేలాడింది. అత్తయ్యకు వచ్చిన సంబంధాలు రెండు ఆ మాట విని వీధిలోంచే వెళ్ళిపోయాయి. మా నాన్న పెళ్ళికి తరలి వెళ్ళేవేళ, ఆవిడ ఎదురు రాకూడదని పెద్దలు ముందే చెబితే, స్వంత అన్నగారి పెళ్ళికి పెరట్లో నూతి దగ్గర నుంచుని ఉండిపోయింది. ఈ సంగతి నాకు నాన్నే చెప్పాడు, ఆయన ఆఖరు రోజుల్లో.

2023లో అమెరికాలో ఉన్న అత్తయ్య మనుమరాలు ఫోను చేసి, “అమ్మమ్మా, నీ పుట్టినరోజు ఎప్పుడు?” అని అడిగింది. బడి సర్టిఫికెట్లో 1952 జూలై 1 అని ఉన్నది. ఆ రోజుల్లో మేష్టర్లకు పిల్లలందరూ జూలై 1నే పుట్టేవారు కనుక దాన్ని ఎవరూ లెక్కచేయరు. “నాకు పుట్టినరోజేమిటే? వరదనాడు పుట్టాను” అన్నది అత్తయ్య, నవ్వుతూనే. ఆ నవ్వు నేను పక్కనే ఉండి చూశాను. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయిన నాకు పనేమీ లేదు. పోనీ, ఆ వరద ఏ తేదీన వచ్చిందో అదైనా కనుక్కుందామని మర్నాడు రాజమండ్రి బస్సెక్కాను.

రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉన్నదని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. నవలల కోసం వెళ్ళేవాణ్ణి. దాని చరిత్ర 1898 నుంచి మొదలవుతుంది. ‘వసురాయకవి’ అని పేరుపడిన వడ్డాది సుబ్బారాయుడుగారి పేర వెలసిన వసురాయ గ్రంథాలయమూ, రత్నకవి గ్రంథాలయమూ కలిసి గౌతమి అయింది. దాన్ని నిలబెట్టడానికి నాళం కృష్ణారావుగారు పడిన పాటు ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చెప్పుకొనేవారు. తరువాత ప్రభుత్వం చేతికి వచ్చి ప్రాంతీయ గ్రంథాలయం అయింది. ఇంత తెలిసీ, నవలలు కాక అక్కడ మరేమి దొరుకుతుందో తెలుసుకోకుండానే నాకు అరవై ఏళ్ళు దాటాయి.

వెళ్ళగానే పెద్ద చదువరిలాగా, “గోదావరి జిల్లా చరిత్ర కావాలండీ” అన్నాను. అక్కడి అధికారిణి నలభై ఏళ్ళ ఆవిడ. మారు మాట్లాడకుండా రెండు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి 1878లో హెన్రీ మోరిస్ దొర రాసినది, రెండవది 1907 నాటి హెమింగ్వే దొర గెజిటీరు. అందులో పంటలున్నాయి, కులాలున్నాయి, కాలవలున్నాయి, 1852కల్లా కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట వైనమంతా ఉన్నది. గంటసేపు పేజీలు తిప్పాను. 1953లో వచ్చిన వరద 1907లో అచ్చయిన పుస్తకంలో ఎందుకుంటుందని నాకు అప్పటికి గాని తోచలేదు!

ఆవిడ నా అవస్థ గమనించినట్లుంది. వచ్చి ఎదురుగా కూర్చుని, “మేష్టారూ, అసలు మీకు కావలసింది ఏమిటండీ?” అని అడిగింది.

ఆ ప్రశ్న మామూలుది కాదని ఆవిడే తరువాత చెప్పింది. గ్రంథాలయానికి వచ్చేవాడు తనకు కావలసింది అడగడట. ఇక్కడ ఏది దొరుకుతుందని తాను అనుకుంటాడో అది అడుగుతాడట. పొలం తగాదా ఉన్నవాడు ‘చట్టాల పుస్తకం’ అంటాడు, ఇంటిపేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకొన్నవాడు ‘శాసనాలు’ అంటాడు. వాడి నోటి నుంచి అసలు మాట రప్పించడమే సగం పని. మన దేశంలో ఈ విద్యకు శాస్త్రం కట్టిన వాడు రంగనాథన్‌గారు. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరిన లెక్కల మాష్టరు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి చదువరి కాలాన్ని ఆదా చేయాలన్నది. పాఠకులకు సమాధానాలు వెతికిపెట్టే పనిని ఆయన రెండు రకాలు చేశారు. చేతికందే పుస్తకం తీసి నిమిషంలో చెప్పేది ఒకటి. రోజుల తరబడి పాఠకుడితో పాటు తానూ వెతికేది రెండవది. “హేవలాక్ వంతెన ఎప్పుడు కట్టారండీ?” అని ఎవరో కుర్రవాడు వచ్చి అడిగితే, “1900” అని తల ఎత్తకుండా చెప్పింది ఆవిడ. అది మొదటి రకం. నాది రెండవ రకమని నేను చెప్పనక్కరలేదు.

సంగతంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విని, “మీ అత్తయ్యగారు వరదనాడు పుట్టారని ఎవరన్నారు?” అన్నది.

“తాతమ్మ.”

“వాళ్ళ అమ్మగారు ఏమనేవారు?”

నేను ఆగిపోయాను. మా మామ్మ నేను పుట్టక ముందే పోయింది. అత్తయ్యకు అప్పటికి పదేళ్ళు. కాని నాన్న ఎప్పుడో చెప్పిన మాట ఒకటి గుర్తుకు వచ్చింది. వరద తరువాత మామ్మ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, ఎగువన మెరకలో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయిందట. చెల్లెలు పుట్టినప్పుడు ఆ ఇంట్లో వినాయకుడి పత్రి ఇంకా తీయలేదనీ, ఆ ఉండ్రాళ్ళు తిన్నాననీ నాన్నకు జ్ఞాపకం. ఆయనకప్పుడు ఆరేళ్ళు. “అమ్మ కూడా చవితి మర్నాడే అనేది. ఎవరు వింటారు?” అన్నాడు. ఆరేళ్ళవాడి జ్ఞాపకం, మొగుణ్ణి పోగొట్టుకొన్న కోడలి మాట, ఈ రెండింటికీ అత్తగారి మాట ముందు విలువ ఏముంటుంది? నాకూ అంతవరకు ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

“అయితే మేష్టారూ, మీ ప్రశ్న వరద ఎప్పుడు వచ్చిందని కాదండీ. వరద ముందా, చవితి ముందా అని” అన్నది ఆవిడ.

ఆ మధ్యాహ్నం నా ముందుకు దినపత్రికల సంపుటాలు వచ్చాయి. నెలనెలకూ కుట్టి అట్టవేసిన పెద్ద సంపుటాలు, ఒక్కరు ఎత్తలేనంత బరువు. న్యూస్‌ప్రింటు కొయ్యగుజ్జుతో చేస్తారు కనుక ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు తిరిగి, అప్పడంలాగా విరిగిపోతుంది. పేజీ కొసను పట్టి లాగకుండా, అరచెయ్యి కింద పెట్టి తిప్పాలని నాకు నేర్పించింది. వేలు తడి చేసుకోబోతే చెయ్యి పట్టుకు ఆపినంత పని చేసింది. జిరాక్సు తీయించబోతే వద్దన్నది. యంత్రం మీద బోర్లిస్తే వీపు విరుగుతుందట. ఫోనుతో ఫొటో తీసుకోమన్నది.

1953 ఆగస్టు పేపరు తిరగేస్తూంటే అసలు పని మరచిపోయేటట్లున్నాను. అక్టోబరు 1న రాబోయే ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని, ఎవరికి ఏ మంత్రి పదవి అన్న ఊహాగానాలు. నడి నెలకు వచ్చేసరికి ఆ వార్తలన్నీ పక్కకు జరిగి గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఆ వరద సుమారు 30 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటేవరకు అంత నీరు మన ఎరికలో లేదు. గండ్లు, మునిగిన ఊళ్ళు, పడవల కోసం కబుర్లు, సహాయనిధికి రూపాయలూ అణాలతో సహా చందాదారుల జాబితాలు. లోపలి పేజీలో ఒక మూల మూడు వరుసల వార్తలో మా ఊరి పేరు కనబడింది. గట్టు తెగినదని, కొందరు గల్లంతయినారని. తాతగారి పేరు లేదు. ‘కొందరు’ అన్న మాటలో ఉన్నారాయన. ఆ మూడు వరుసలూ చదివి కాసేపు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను.

ఇక చవితి. దానికి పంచాంగం చాలు. 1953-54 విజయనామ సంవత్సరం. ఆ ఏడు వైశాఖం అధికమాసం వచ్చింది. అందుచేత పండుగలన్నీ వెనక్కు జరిగాయి. వినాయకచవితి సెప్టెంబరు రెండవ వారంలో పడింది. వరద శ్రావణంలో, చవితి భాద్రపదంలో. నడుమ ఇంచుమించు నాలుగు వారాలు!

నేను లేచి నుంచున్నాను. ఆవిడ మాత్రం కదలలేదు. “తొందరపడకండి మేష్టారూ. పత్రిక వరద తేదీ చెప్పింది. పంచాంగం చవితి తేదీ చెప్పింది. మీ అత్తయ్యగారు చవితి మర్నాడు పుట్టారన్నది మాత్రం ఇంకా మీ ఇంటి మాటే. తాతమ్మగారిదీ ఇంటి మాటే. మూడో సాక్షి కావాలి” అన్నది. నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. తరువాత ఆలోచిస్తే ఆవిడ చేసింది ఎంతో మర్యాద అయిన పని అనిపించింది. నాకు ఇష్టమైన జవాబు కదా అని ఆవిడ దాన్ని నాకు అమ్మలేదు.

జనన మరణాల రిజిస్టరు కోసం ఒక కచేరీ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఆ సంవత్సరపు పుస్తకం చెదలు తినేసిందని అయిదోసారి చెప్పారు. ఆ మాట మొదటిసారే చెబితే నాకు బస్సు చార్జీలు మిగిలేవి.

ఈ తిరుగుళ్ళ మధ్య గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోవడం అలవాటయింది. స్థానిక చరిత్ర అంటే రాజులు, కోటలు అనుకొనేవాణ్ణి. అక్కడికి వచ్చేవాళ్ళు అడిగేవి వేరు. తమ వీధికి ఆ పేరు ఎందుకు వచ్చిందని ఒకరు, ఊరి చెరువు ఎవరు తవ్వించారని ఒకరు. అటువంటివాటికి కైఫీయతుల వంటి గని మరొకటి లేదు. 1821లో చనిపోయిన కల్నల్ మెకంజీ మన దేశానికి మొదటి సర్వేయర్ జనరల్. ఆయన కొలతలు చేయిస్తూనే, ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి మొదలైనవారి చేత ఊరూరా కరణాలను అడిగించి, గ్రామం పుట్టుక, గుళ్ళు, చెరువులు, మాన్యాలు, పొలిమేరలు రాయించి పెట్టాడు. ఆ కాగితాలు శిథిలమైపోతుంటే బ్రౌన్ దొర తిరిగి రాయించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న ఆ సంపుటాలలో కొన్ని జిల్లాల వారీగా అచ్చయినాయి కూడాను. కరణంగారు తన ఊరి గొప్ప కోసం ఒక మునీశ్వరుణ్ణో పాండవులనో తీసుకువచ్చి చెరువుగట్టున కూర్చోబెట్టడం కద్దు. అది తీసివేసి చదువుకోవాలి. మాన్యాల లెక్క దగ్గర మాత్రం ఆయన చాలా జాగ్రత్తగా ఉంటాడు!

మరొక చిక్కు జిల్లాల పేర్లు. మా ఊరు 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా. 1953లో తూర్పు గోదావరి. 1925కు ముందు ఒకటే గోదావరి జిల్లా. 1859కి ముందు అదీ లేదు, రాజమండ్రి జిల్లా. ఊరు కదలలేదు, కాగితం మీద నాలుగు చోట్ల తిరిగింది. ఏ సంవత్సరపు సంగతి వెతుకుతున్నామో ఆ సంవత్సరపు జిల్లా పేరుతో వెతకాలి. ఇది తెలియక ఉత్తచేతులతో వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది అట.

చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉన్నది. 1918లో పుట్టింది, 1929లో గాంధీగారు వచ్చారు, ఆయన విరిగిన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నది. పాత పత్రికలకు అది పుట్టినిల్లు. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి ఆ ఊళ్ళో మకాం వేసి చదువుకుంటారు. ఊరు చిన్నది, గ్రంథాలయం పెద్దది. మన దేశంలో సాధారణంగా దీనికి తిరకాసుగా ఉంటుంది. ఈ మధ్య ప్రెస్ అకాడమీవారి పుణ్యమా అని పాత పత్రికలు చాలావరకు కంప్యూటర్లో ఎక్కాయి కనుక, ప్రయాణం చేయలేనివారు ఇంట్లోనే చూడవచ్చు. కాని ‘అసలు మీకు కావలసింది ఏమిటండీ?’ అని కంప్యూటరు అడగదు. దానికి మనిషి ఉండాలి. ఆ మనిషిని పెట్టడానికే మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాము. రసీదు తీసి చూసుకోండి. కట్టిన డబ్బుకు ఒక ప్రశ్న అయినా అడగకపోతే ఎలా?

మూడో సాక్షి దొరికే దారి కూడా ఆవిడే చూపించింది. “మీ మామ్మగారి పుట్టిల్లు మెరకలో ఉన్నదన్నారు కదండీ, అక్కడికి నీళ్ళు రాలేదు కదా? వెనకటి వాళ్ళు వచ్చిన ఉత్తరాలన్నీ తీగకు గుచ్చి దూలానికి తగిలించేవారు. అది ఉన్నదేమో వెతికించండి” అన్నది.

వెళ్ళాను. మామ్మ తమ్ముడి మనుమడు ఆ ఇల్లు పడగొట్టి డాబా వేశాడు. నా గుండె జారిపోయింది. అదృష్టం బాగుండి, పాత సామానంతా పశువులశాల అటక మీద పడేశాడు. అందులో ఇనుప తీగ, దానికి బారెడు మందాన ఉత్తరాలు! ఇద్దరం చాప వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే తీశాము. పైన పెళ్ళి పిలుపులు, మధ్యలో అప్పుల జాబులు, అడుగున వరద కాలం.

కార్డు మా ఊరి నుంచి వచ్చింది. తాతమ్మ చెప్పగా ఎవరో పెద్దమనిషి రాసినది. మీ కార్డు చేరినదనీ, చవితి మర్నాడు ఆడపిల్ల కలిగినట్లు తెలిసినదనీ, తల్లీబిడ్డలు క్షేమమని విని సంతోషించామనీ, అబ్బాయి జాడ నేటి వరకు తెలియలేదనీ, నాలుగు ముక్కలు. పోస్టాఫీసు ముద్రలో సెప్టెంబరు నెల స్పష్టంగా ఉన్నది.

అంటే తాతమ్మకు తెలుసు. తన నోటితోనే చెప్పి రాయించింది. తరువాత ఏ గడియలో ఆ రెండు కబుర్లూ ఆవిడ మనస్సులో ఒకటైపోయాయో! కొడుకు ఇక రాడని మనస్సుకు తెలిసిన రోజూ, పిల్ల పుట్టిందని విన్న రోజూ ఒకటేనేమో. అలా అనుకుంటే ఆవిడ మీద కోపం నిలవడం లేదు. నూతి దగ్గర నుంచున్న ఆడపిల్ల కళ్ళలో మెదిలినప్పుడు మాత్రం నిలుస్తున్నది.

కార్డు తీసుకువెళ్ళి గ్రంథాలయంలో చూపించాను. ఆవిడ రెండు వైపులా చూసి, “ఇప్పుడు చెప్పండి మేష్టారూ, మీ అత్తయ్యగారితో” అన్నది. ఆ కార్డు నకలూ, మా ఊరి వార్త ఉన్న పేజీ సంగతీ ఒక కాగితం మీద రాసుకొని స్థానిక చరిత్ర ఫైలులో పెట్టుకొన్నది. మా అత్తయ్య జిల్లా చరిత్రలోకి ఎక్కిందన్నమాట.

ఆ సాయంత్రం అత్తయ్యకు అన్నీ చదివి వినిపించాను. పేపరు ఫొటో ఫోనులో పెద్దది చేసి చూపించాను. కార్డు చేతికి ఇస్తే కళ్ళజోడు తెచ్చుకుని తనే మళ్ళీ చదువుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. లోపల పాలు పొంగుతున్న వాసన వస్తే నేనే వెళ్ళి స్టవ్ ఆర్పి వచ్చాను.

“అయితే ఒరేయ్, నేను వచ్చేసరికి ఏరు తీసేసిందన్నమాట” అన్నది.

“నెలరోజుల కిందటే తీసేసింది అత్తయ్యా.”

“మీ నాన్న ఉంటే బాగుండును” అని, పైట చెంగుతో కార్డు మీద లేని దుమ్ము తుడిచింది. తేదీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఇక్కడ మాత్రం వేయను. “పేపర్లో వేసి ఊరంతా టముకు వేయకు” అన్నది. మనుమరాలికి తనే ఫోను చేసి చెబుతుందట.

కాసేపాగి, “ఆ పేపర్లో సినిమాల బొమ్మలు కూడా వేస్తారు కదరా? నేను పుట్టినప్పుడు ఏం సినిమా ఆడుతోంది?” అని అడిగింది.

“దేవదాసు. ఆ ఏడు జూన్‌లో వచ్చింది. వంద రోజులు ఆడింది.”

“పోనిద్దూ, ఏడుపు సినిమా!” అన్నది అత్తయ్య.